పళ్లెం మీద తాత పేరు

2023. బేగంబజార్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నేను కౌన్సెలర్‌ని. బొమ్మలు, బంకమట్టి, ఆట, పాట, వీటితో పిల్లల మనసులోది బయటికి రప్పించే పద్ధతిని మేం ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ అంటాం. "రంగులు పూయించడానికి కూడా జీతమా మేడం?" అని స్టాఫ్‌రూమ్‌లో నన్ను ఆటపట్టించేవాళ్లు.

మూడో తరగతి లహరిని (పేరు మార్చాను) నా దగ్గరికి పంపారు. తాత చనిపోయాక నాలుగు నెలలుగా ఆ పిల్ల నోరు విప్పలేదు. ఇంట్లోనూ అంతే. "పరీక్షల దాంక చూస్తం మేడం. అప్పటికీ మాట్లాడకుంటే టీసీ ఇచ్చుడే," అన్నారు ప్రిన్సిపాల్ సార్. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ గడువు మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

కాగితం, క్రేయాన్లు ఇస్తే లహరి బొమ్మ గీసేది కాదు. క్రేయాన్‌ను నిలువుగా పట్టుకుని, దాని నెత్తిన షార్ప్‌నర్‌తో కొట్టేది. పెట్టెడు క్రేయాన్లు ముక్కలయ్యాయి. నేను కేస్ ఫైల్లో 'అణచుకున్న కోపం' అని రాసి, కింద గీత కూడా గీశాను. ఎంత తెలివో!

ఒకరోజు లహరి టిఫిన్ బాక్స్ నా గదిలో మరిచిపోయింది. స్టీలు మూత మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు. సాయంత్రం వాళ్లమ్మ వస్తే, ఆ పేరు ఎవరు కొట్టారని అడిగాను.

"మా మామ, మేడం. మా గిన్నెల దుకాణంల పేర్లు ఆయన్నే కొడ్తుండె. ఇది పక్కన్నే కూసుంటుండె." ఆమె గొంతు తగ్గించింది. "ఆయన పోయినంక, నాయినమ్మ ఏడుస్తది, తాత పేరు ఎత్తకు బిడ్డా అని నేనే అన్న."

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. నేను కోపమనుకున్న క్రేయాన్, షార్ప్‌నర్ ఆ పిల్లకు తాత ఉలీ సుత్తీ.

మర్నాడు మా ఇంటి నుంచి కొత్త స్టీలు పళ్లెం, సన్న ఉలి, చిన్న సుత్తి, ఒక చెక్క ముక్క తెచ్చాను. "ఎవరి పేరు కొడదాం?" అని అడిగాను. లహరి పళ్లెం దగ్గరికి లాక్కుంది. తర్వాత దాని కింద చెక్క సర్దుకుని మొదలుపెట్టింది. చుక్క పక్కన చుక్క. మోత వరండా దాటింది. ప్రిన్సిపాల్ సార్ విసురుగా తలుపు తోశారు.

"ఏంది మేడం ఈ లొల్లి? పక్క క్లాసుల పాఠం వినపడ్తలేదు!"

నేను నోరు తెరిచేలోగా, "తాత పేరు కొడ్తున్న సార్," అంది లహరి, తలెత్తకుండానే. "అందరి పళ్లాల మీద కొట్టిండు. ఆయన పళ్లెం మీదనే కొట్టుకోలే."

సార్ చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్లిపోయారు. నేను ఏడ్చేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు లేదు.

పళ్లెం ఇంటికి వెళ్లిందని వాళ్లమ్మ చెప్పింది. నాయనమ్మ అక్షరాలు తడిమి, "వంకర పోయినయి. మీ తాత చూస్తే తిడుతుండె," అని ఏడుస్తూనే నవ్విందట. "తిట్టడు నాయినమ్మా, సరిజేస్తడు," అందట లహరి.

ఫైల్లో 'అణచుకున్న కోపం' అన్న మాటను నేను కొట్టెయ్యలేదు. కొత్తగా చేరే కౌన్సెలర్లకు ముందు ఆ పేజీ చూపిస్తాను. పిల్ల చేతులు ఏం చేస్తున్నాయో రాయండి, ఎందుకో ఆ పిల్ల ఇంట్లో వాళ్లను అడిగాకే రాయండి అని చెబుతాను.