అడ్డుతెర మీద వెలుగు

ముహూర్తం దగ్గర పడుతుండగా నర్మద ఫంక్షన్ హాల్ కప్పు వైపు చూసి ఉసూరుమంది. డెకరేషన్ వాళ్లు మండపం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నల్లగుడ్డ కట్టి, చుక్కల్లా చిన్న బల్బులు గుచ్చారు. చూసేవాళ్లకు అది ఆకాశం. ఫొటో తీసేవాళ్లకు అంతకన్నా చెడ్డ కప్పు లేదు. తెల్లకప్పయితే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టొచ్చు, వెలుగు దానికి తగిలి మెత్తగా మనుషుల మీదికి దిగుతుంది. నల్లగుడ్డ మొత్తం మింగేస్తుంది. మండపంలో పెట్టిన దీపాలేమో ఊదారంగువి. వాటి కింద పెళ్లికూతురు మొహం వంకాయలా ఉంది.

నర్మదది కందుకూరు పక్క పల్లె. డిగ్రీ అయ్యాక ఇబ్రహీంపట్నం డిపో దగ్గర ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలతో మొదలుపెట్టింది. పెళ్లయ్యాక భర్త ఎల్లేశ్‌తో కలిసి సాగర్ రోడ్డు మీద సొంత స్టూడియో తెరిచింది. వీడియో అతనిది, ఫొటోలు ఆమెవి. ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు, ప్లాట్ల వెంచర్ల బ్రోచర్లు చేసింది గానీ పెళ్లి మొత్తం తన మీద వేసుకోవడం ఇదే మొదలు. మగపెళ్లివారు సిటీ నుంచి తమ మనిషిని తెస్తామన్నారు. పెళ్లికూతురు సింధూర ఆడమనిషే కావాలని పట్టుబట్టింది. అప్పటి నుంచి పెళ్లికొడుకు మేనమామ మల్లేశయ్యకు నర్మద అంటే వేళాకోళం. ఆమె కెమెరా ఎత్తినప్పుడల్లా పక్కవాళ్లతో, "సక్కగ కూసోండ్రి. రెండు చెవులు కనవడాలె, లేకుంటే పాస్‌పోర్టు రాదు" అంటున్నాడు.

ఆ మాటలను ఆమె లెక్కచేయలేదు. ఆమెను కుదురుగా ఉండనివ్వనిది మధ్యాహ్నం పెళ్లికూతురి తల్లి కనకరత్నం చెప్పిన సంగతి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. పెద్దమ్మాయి పెళ్లిలో జీలకర్రబెల్లం పెట్టేటప్పటి ఫొటో పాడైపోయిందట. ఫొటోగ్రాఫర్ బతిమాలితే, తంతు అయిపోయాక ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టి చేతులు తలల మీద పెట్టించారట. రెండేళ్లు తిరక్కుండానే ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది.

"దీనికి మాత్రం రెండోసారి పెట్టమని నోరు తెరవకమ్మా. ఫొటో వస్తే వచ్చింది, లేకపోతే లేదు" అంది కనకరత్నం. ఆ చివరి మాట ఆమె కళ్లలో లేదు.

పాడైన ఆ ఫొటో ఆమె ఫోన్‌లోనే ఉంది. నర్మద అడిగి చూసింది. కెమెరాకు దగ్గరగా ఉన్న అడ్డుతెర అంచు పాలలా మెరుస్తోంది, వెనక రెండు మొహాలూ మసి. ఏం జరిగిందో చూడగానే తెలిసింది. ఫ్లాష్ ఆటోలో ఉంటే ఎదురుగా తెల్లగా ఉన్నదాన్ని చూసి, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించుకుంటుంది. పెళ్లిలో కెమెరాకు ఎదురుగా ఉండేది ఆ తెరే.

అందుకే ఆమె అన్నీ మాన్యువల్‌లో పెట్టింది. ఎల్లేశ్‌ను పీట మీద కూర్చోబెట్టి నేరుగా ఫ్లాష్ కొట్టి చూసింది. నుదురు నూనె రాసినట్టు మెరిసింది, వెనక నీడ దెయ్యంలా లేచింది. అప్పుడే పురోహితుడు కొత్త అడ్డుతెర మడత విప్పుతున్నాడు. మధ్యలో పసుపు స్వస్తిక్, మిగిలిందంతా తెలుపు. కెమెరా దించి ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

పెళ్లికూతురి మేనమామ రమాకాంత్ తెర ఒక చివర పట్టుకోవాలి. నర్మద అతని దగ్గరికెళ్లింది.

"అన్నా, తెర కిందికి ఇడువకుండ్రి. తలల మీదికి లేపి పట్టుండ్రి. నాకు గదే కప్పు."

మా ఇళ్లల్లో దించడమే అలవాటని రమాకాంత్ నసిగాడు. పురోహితుణ్ణి అడిగితే, తెర తొలగాలి గానీ ఎటు తొలగాలో ఎక్కడా రాసిలేదు, కానివ్వమన్నాడు. రెండో చివర పట్టేది మల్లేశయ్య. ఆయనకు చెప్పేలోగా డోలు మొదలైంది. జనం మండపం ఎక్కారు. ఆమె గొంతు ఆయన దాకా పోలేదు.

వెలుగు పైకెళ్లి తిరిగి రావాలి కాబట్టి ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌లో పెట్టక తప్పలేదు. అలా ఒకసారి కొడితే మళ్లీ ఛార్జ్ ఎక్కేదాకా అది పలకదు. ఆలోగా తెర తొలగగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ మొదటి చూపు అయిపోతుంది. ఉన్నది ఒక్క ఫొటో.

పురోహితుడు చెయ్యి ఊపాడు, డోలు ఊపందుకుంది. తెరకు ఇటూ అటూ ఉన్న రెండు చేతులు ఎదుటి తలల మీదికి వెళ్లాయి. రమాకాంత్ తన చివర పైకెత్తాడు. మల్లేశయ్య తన చివర కిందికి వదిలాడు. తెర ఏటవాలుగా వాలి పెళ్లికొడుకు మొహం కప్పేసింది. పక్క నుంచి ఎవరో ఫొటో తీయమ్మా, తీయమన్నారు. నర్మద వేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు. సింధూర కళ్లు పైకి లేస్తున్నాయి.

"మల్లేశయ్య బాపూ, లేపు! మీ అల్లుడి చెవులు కనవడ్తలేవు."

నర్మద కేకకు ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ తలపైకి ఎత్తేశాడు, రమాకాంత్ కన్నా జానెడు ఎత్తు. తెర పందిరిలా పరుచుకుంది. నర్మద నొక్కింది. తెరంతా ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరింది.

కెమెరా వెనక చిన్న తెర మీద ఏం వచ్చిందో ఆమె చూసేలోగానే కనకరత్నం భుజం పక్కకు వచ్చింది. ఇద్దరి మొహాలూ ఉన్నాయి. సింధూర నవ్వలేదు, ఎదుటి మనిషిని గుర్తుపట్టే ప్రయత్నంలో ఉన్నట్టు చూస్తోంది. పెళ్లికొడుకు వేళ్ల సందున జీలకర్ర గింజలు కూడా కనిపిస్తున్నాయి. కనకరత్నం ఆ చిన్న తెర ఆరిపోతే మళ్లీ పెట్టమని సైగ చేసింది. రెండోసారీ చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుని మంగళసూత్రాల పళ్లెం దగ్గరికి వెళ్లింది.

రమాకాంత్ తెర మడతపెట్టబోయాడు.

"ఉండనీ అన్నా. తాళికి గూడ కావాలె" అంది నర్మద, ఫ్లాష్‌లో బ్యాటరీలు మారుస్తూ.

మూడు ముళ్లూ పడేదాకా మేనమామలిద్దరూ చేతులు దించలేదు.