కాగితం రవికలు

ఫ్యాషన్ డిజైనింగ్ అన్న మాట వింటే చాలు, నాకు పాత న్యూస్ పేపర్ల వాసన వస్తుంది. ఆ వాసనంటే రోత. వనపర్తిలో ఆ ట్రైనింగ్ సెంటర్‌కు పోయినన్నాళ్లూ నా వేళ్లు నల్లగానే ఉండేవి. సబ్బు పెట్టి రుద్దినా పోయేవి కావు.

మాది పెద్దమందడి. పొలం లేదు. పల్లికాయ పనులుంటే అమ్మానాన్న ఊళ్లో ఉండేవాళ్లు, లేకపోతే పుణెలో బిల్డింగుల దగ్గర. నేను ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి ఎట్లాగో ఇంటర్ గట్టెక్కాను. ఆ తర్వాత నేను కోరుకున్నది ఒక్కటే, మళ్లీ పుణె బస్సు ఎక్కకూడదని. మిషన్ తొక్కడం నాకు ముందే వచ్చు. పక్కింటివాళ్ల మిషన్ మీద చిరుగులు కుట్టీ కుట్టీ నేర్చుకున్నాను. రానిది కటింగ్. మా వైపు మిషన్ తొక్కేవాళ్లు ఏ వీధిలో చూసినా ఉంటారు. వాళ్లంతా ఇంకెవరో కత్తిరించి ఇచ్చింది కుట్టిపెట్టేవాళ్లే. కత్తెర పట్టిన మనిషే దుకాణం పెట్టుకుంటుంది. ఆ కత్తెర కోసమే చేరాను. ట్రైనింగ్ ఫ్రీ, అయిపోగానే ఉద్యోగం అని ఆటోకు మైకు కట్టి ఊరూరా తిరిగి చెప్పారు మరి.

మొదటి రోజు మేడం బోర్డు మీద ఒక ఆడమనిషి బొమ్మ గీసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం, మాకంటే పెద్ద వయసేం కాదు. తల ఎంత ఉంటుందో మనిషి దానికి తొమ్మిది రెట్లు పొడుగుండాలట. ఆ బొమ్మకు పొట్ట లేదు, తుంటి లేదు, ఉన్నదంతా కాళ్లే. రంగు పెన్సిళ్లతో దానికి బట్టలు తొడుగుతూ కూర్చున్నాం. అంత పొడుగు మనిషి వనపర్తి బస్టాండులో దిగితే జనం పనులు మానుకుని చూస్తారు. ఆమె రవిక కుట్టించుకోవడానికి మా దగ్గరికి ఎప్పుడొస్తుందో మాత్రం మేడం చెప్పలేదు.

బొమ్మలయ్యాక కాగితాలు. గోడ మీది చార్టులో కొలతలు చూసి పేపరు మీద గీయాలి, కత్తిరించాలి, బుట్టలో వేయాలి. పాడు చేస్తారని బట్ట ఇవ్వరు. కొత్త మిషన్లు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా వరుసగా ఉన్నాయి. ఆఫీసర్లు వచ్చినప్పుడు విప్పుతాం అన్నారు. ఆ కవర్ల మీది దుమ్ము తుడిచే పని మాది. అది కూడా ఫ్యాషన్ డిజైనింగే కాబోలు.

మా వైపు ఆడవాళ్లు ఒంటికి టేపు పెట్టనివ్వరు. బాగా కుదిరిన పాత రవికను సంచిలో పెట్టి టైలరుకు పంపుతారు. అదే ఆది రవిక. దాన్ని కొత్త బట్ట మీద పరిచి, కుట్లకు వదిలి, గీసుకుని కత్తిరించాలి. తొడిగీ తొడిగీ సాగిపోయిన రవికలో అసలు కొలతెంతో, సాగిందెంతో కనిపెట్టాలి. అది చేతకాకపోతే గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ ఒక్క గిరాకీ మన గడప తొక్కదు. అందుకని ఒకరోజు అమ్మ రవిక పట్టుకుపోయాను.

"మేడం, ఆది రవిక పెట్టి ఎట్ల గీయాలె?"

మేడం దాన్ని రెండు వేళ్లతో ఎత్తి నా బల్ల మీదికి జార్చింది. "ఇదంతా టైలర్ల పని. మీరు డిజైనర్లు కాబోతున్నారు. ఆలోచన పెద్దగా ఉండాలి," అంది.

అది శుభ్రంగా ఉతికిన రవిక. టైలర్లంటే ఆమెకు అంత చీదర. నేనేమో ఆ టైలరు పని కోసమే రోజూ బస్సులో నిలబడి వచ్చేదాన్ని.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ రొట్టెలు చేస్తూ అడిగేది.

"ఇయ్యాల ఏం నేర్పిన్రు బిడ్డా?"

"కాయితం కత్తిరిచ్చినం."

"నిన్న గూడ గదే అంటివి."

"రేపు గూడ గదేనమ్మా."

అమ్మ పెనం మీది రొట్టె తిరగేసింది. "వనపర్తిల కాయితం రవికలు తొడుక్కుంటున్నరా ఏంది?"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక నాకు ఏడుపొచ్చింది. నేను అడ్డం తిరక్కపోతే అప్పటికే ముగ్గురం పుణెలో ఉండేవాళ్లం, నా కోసమని వాళ్లు ఊళ్లో దొరికిన పనితో సరిపెట్టుకున్నారు.

తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. సెంటర్ నడిపే సారు కారు డిక్కీ నిండా గౌన్లు తెచ్చాడు. అన్నీ దుకాణంలో కొన్నవే. స్థానిక కళ కనిపించాలని వాటికి గద్వాల అంచు ఉండేలా చూసుకున్నాడు. నేసిన అంచు కాదు, పాలిస్టర్ మీద అచ్చు వేసింది. మా బ్యాచ్‌లో గద్వాల పిల్ల ఒకతె ఉండేది, ఇంట్లో మగ్గం ఉన్న పిల్ల. ఆ అంచును ముట్టుకుని, చున్నీకి చెయ్యి తుడుచుకుంది.

మాకు అప్పజెప్పిన పని మెడల దగ్గర కంపెనీ లేబుళ్లు విప్పడం. బ్లేడు ఎట్లా పట్టుకోవాలో, గుడ్డకు గాటు పడకుండా దారం మాత్రమే ఎట్లా తెంపాలో మేడం ఒక్కొక్కరి పక్కన కూర్చుని చూపించింది. ఆ కోర్సు మొత్తంలో మేం గుడ్డ మీద చేసిన పని అదొక్కటే. దాన్ని మాత్రం ఎంతో శ్రద్ధగా నేర్పారు.

ఆఫీసరు వచ్చిన రోజు మిషన్ల కవర్లు విప్పారు గానీ దారం ఎక్కించలేదు. ఆయన గౌన్లన్నీ చూసుకుంటూ వచ్చి నా ముందున్న గౌను దగ్గర ఆగాడు.

"బాగుందమ్మా. దీని కటింగ్ ఎవరు చేశారు?"

"తనే సార్," అంది మేడం.

అవునంటే అయిపోయేది. కానీ ఆయన అధికారం ఉన్న మనిషి, ఒక్క మాటంటే మాకు బట్ట ఇస్తారేమో అనిపించింది.

"నేను కాదు సార్. మాకు గుడ్డ మీద కత్తెర పెట్టనియ్యలే. కాయితాలే కత్తిరిచ్చినం. గీ గౌన్లు కొనుక్కొచ్చిన్రు. మాకు కటింగ్ నేర్పియ్యుమని చెప్పుండ్రి సార్."

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసరు నన్ను చూసి నవ్వాడు.

"ధైర్యంగా మాట్లాడుతోంది. ఇలాంటి పిల్లలే కావాలి. ఫొటోలో ముందు నిలబెట్టండి."

ఆయనకు వినపడలేదని అనుకోవడానికి లేదు. ప్రతి మాటా విన్నాడు. వినకపోయుంటే నాకు ఇంత అసహ్యం ఉండేది కాదు. మేడం నన్ను ముందుకు లాగి ఒక చేతికి గౌను, ఇంకో చేతికి కత్తెర ఇచ్చింది. బరువైన కొత్త కత్తెర. ఫొటో కాగానే వెనక్కి తీసుకుంది.

కోర్సు అయ్యాక వాళ్లిచ్చిన ఉద్యోగం అంటే హైదరాబాద్ అవతల ఒక ఫ్యాక్టరీలో చొక్కాలకు వేలాడే దారాలు తుంచడం. పోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. నేను పోలేదు. వనపర్తిలో ఒక దుకాణంలో మాస్టర్ కత్తిరించి ఇస్తే కుడుతున్నాను. ఆదివారాలు ఇంట్లో అమ్మ పాత చీరల మీద కత్తెర పెడుతున్నాను. చాలా గుడ్డ ఖరాబు చేశాక ఈ మధ్యే ఒక రవిక రవికలా వచ్చింది. చంకలో పట్టేస్తోందని సణుగుతూనే అమ్మ దాన్ని తొడుక్కుని పనికి పోతోంది. అమ్మానాన్న ఈ యేడు పుణె పోతారో లేదో ఇంకా తేలలేదు.

మొన్న దుకాణం పని మీద నాగర్‌కర్నూల్ పోయాను. బస్టాండు ఎదురుగా ఆ సెంటరు కొత్త బ్రాంచి. గేటు మీద ఫ్లెక్సీలో నేను, మనిషంత ఎత్తున, కత్తెర పట్టుకుని నవ్వుతున్నాను. ఇంతలో ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, నువ్వే గదా ఫొటోల ఉన్నది? మాది కోడేరు. నిన్ను చూసే మా నాయిన నన్ను గీడ చేర్పిచ్చిండు."

"గుడ్డ మీద కత్తిరిపిస్తున్నరా?"

"ఇంకా లేదు. ముందుగాల కాయితమేనట."

"ఎన్నడు కత్తిరిపియ్యరు. నాతోని గూడ కత్తిరిపియ్యలే. నా మాట ఇను, మానేసి మీ ఊర్ల ఏ టైలరమ్మ దగ్గరన్న కూసో."

ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. ఫ్లెక్సీ వంక చూసి, మళ్లీ నన్ను చూసింది. తాను నేర్చుకుని పక్కవాళ్లకు రావద్దనే మనిషిని చూసినట్టు చూసింది.

"నీ చేతుల కత్తెర ఉన్నది గదక్కా," అని లోపలికి పోయింది.