మిల్లు రోడ్డు మీద గీసిన గుండ్రం

ఈ పని చేసి చేసి విసుగొచ్చింది. సూర్యాపేటలో ఒక ఇరుకు గదిలో కూర్చుని, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఉన్న చిన్నచిన్న దుకాణాల ప్రకటనలు జనం ఫోన్లలోకి పంపడం నా బతుకుతెరువు. ఈ పూట ఏ వీధిలో ఎక్కువ ఫోన్లున్నాయో చూసుకుని మ్యాపు మీద ఒక గుండ్రం గీస్తాను. అందులో ఉన్నవాళ్ళకే ప్రకటన కనిపిస్తుంది. వినడానికి ఎంత తెలివైన పనో! చేసేవాడికి మిగిలేది కళ్ళమంట, మెడనొప్పి.

మిర్యాలగూడలో నేను అక్కా అని పిలిచే ఒకామెకు చీరల కొట్టు ఉండేది. ఏళ్ళ తరబడి రైసుమిల్లులో తవుడు ఎత్తి, ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే మానేసి పెట్టుకున్న కొట్టు అది.

"ఈ పెండ్లిళ్ళ సీజన్ల నడవకుంటె మళ్ళ మిల్లుకే పోవాలె తమ్మీ. జర మంచిగ చెయ్యి" అంది.

అవి యాసంగి వరికోతల రోజులు. చూస్తే మిల్లు రోడ్డు మీద ఫోన్లే ఫోన్లు, అవీ గంటలకొద్దీ కదలకుండా. బేరం దొరికిందని ఎగిరి గంతేసి అక్కడ గుండ్రం గీశాను. మధ్యాహ్నానికి ప్రకటనను నొక్కినవాళ్ళు వందలు దాటారు. వెంటనే అక్కకు ఫోన్ చేసి "ఇయ్యాల ఇగ ఆగరు, షట్టర్ దించకు" అన్నాను. పాపం, అన్నం కూడా తినకుండా చీరలన్నీ కిందికి దింపింది. వచ్చేవాళ్ళకని కొత్త కుండలో నీళ్ళు నింపింది.

ఒక్కరూ రాలేదు. సాయంత్రం బస్సెక్కి నేనే మిల్లు రోడ్డుకు పోయాను. మిల్లులో వడ్లు దింపే వంతు కోసం ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ట్రాలీల కింది నీడలో రైతులు ఫోన్లు చూసుకుంటూ పడుకున్నారు. ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్లో మా చీరే కనిపించింది.

"మూడు దినాలాయె బిడ్డా. లైన్లకెళ్ళి జరిగితె నంబర్ పోతది. టైం పోక నొక్కుతున్నం. చీర మాత్రం మస్తుంది" అన్నాడాయన.

సిగ్గుతో చచ్చిపోయాను. మాదీ ఆత్మకూరే. చిన్నప్పుడు ఇదే వరసలో కూర్చున్న మా నాయనకు బస్సులో అన్నం డబ్బా మోసుకొచ్చినవాణ్ణి. వరసలో ఉన్నవాడు చాయ్‌కి పోవాలన్నా పక్కవాడికి ట్రాక్టర్ అప్పజెప్పి పోవాలి. అంతా తెలిసినవాణ్ణే.

కొట్టుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క చీరలు మడతపెడుతూ వింది.

"మీ నాయిన గూడ గాడనే కూసునేటోడా?"

"అవునక్కా."

"బువ్వ నువ్వే తెచ్చేటోడివా?"

"నేనే."

"మరి గంత ఎర్క ఉండంగ, ఫోన్‌నెందుకు అడిగినవ్ తమ్మీ?"

తిట్టినా బాగుండేది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కుండలో నీళ్ళు ఒక గ్లాసు ముంచి నాకిచ్చింది. ఆ రోజు ఆ నీళ్ళు తాగింది నేనొక్కణ్ణే.

సీజన్ అయిపోయాక ఒకసారి ఫోన్ చేశాను. వెనకాల మిల్లు మోత. "మళ్ళ మాట్లాడుత తమ్మీ" అని దగ్గుతూ పెట్టేసింది.