పాటలకి కుండ

మా ఆయన చెవుల్లోంచి ముందుగా పోయినవి సన్నటి చప్పుళ్లు. పిచికల గోల, సైకిలు గంట, వీధి చివర గాజులమ్మేవాడి కేక. ఆ తర్వాత నా గొంతు. క్షయ తగ్గడానికి ఆసుపత్రిలో పొడిచిన సూదులు ప్రాణం నిలబెట్టి చెవులు పట్టుకుపోయాయి. ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణమా, చెవులా అంటే ఏమంటాం? ప్రాణమే అన్నాం. అయినా తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆ సూదుల్ని తిట్టుకుంటాను.

అరవైల ఆఖరి రోజులు. విజయనగరంలో మాది కిరాణా కొట్టు. ఆయన పగలంతా పప్పులు తూచి, సాయంత్రం భజనలో మృదంగం వాయించేవారు. బేరం మధ్యలో కూడా బల్ల మీద వేళ్లు ఆడుతూనే ఉండేవి. "ముందు తూకం సూడండి, తాళం తర్వాతేద్దురు" అని దెప్పేదాన్ని. అలాంటి మనిషికి రోకటిపోటూ, ఎడ్లబండి దడదడా, మా అత్తగారి బొంగురు గొంతూ మాత్రం మిగిలాయి. ఆవిడ పిలిస్తే పలికేవారు. నేను పిలిస్తే గోడకేసి చూస్తూ కూచునేవారు. కన్నతల్లి మీద కుళ్లుకునే పెళ్లాన్ని నన్నే చూడాలి.

మా తమ్ముడు శ్రీకాకుళంలో రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేసేవాడు. వాడొకసారి అన్నం పళ్లెమంత పాత స్పీకరు గోనెగుడ్డలో చుట్టుకుని తెచ్చాడు. "అక్కా, బావకి సన్న సప్పుడు ఇనపడదు గానీ లావు సప్పుడు ఇంకా ఉన్నాది. మా ఊరు కాఫీ ఓటల్లో స్పీకరుని కుండ మూతిలో ఎల్లకిలా కూకోబెట్టినారు. మృదంగం కొడితే గుండెల్లో కొట్టినట్టుంటాది" అన్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

వాడూ నేనూ నెల్లిమర్ల దారిలో ఉన్న కుమ్మరి ఇంటికి వెళ్లాం. కుండ కొనడం నాకు నేర్పేదేమిటి! వేలి కణుపుతో కొట్టి, ఖంగుమన్నదాన్ని ఎత్తి ఇచ్చాను. వాడు వద్దన్నాడు. "ఇది నీళ్లకి బాగుంటాది. మనకి ఖంగు కాదే, గుమ్ము కావాల" అంటూ ఒక్కో కుండ మూతిలో మొహం పెట్టి "ఊఁ" అని కూనిరాగం తీశాడు. కుమ్మరి పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మందపాటి గోడలున్న, పెద్ద కడుపు కుండ ఒకటి వాడి ఊఁకి తిరిగి ఊఁ అంది. అదే తెచ్చుకున్నాం. దారంతా నేను దాన్ని చంకనెత్తుకుని పసిపిల్లని మోసినట్టు మోశాను.

స్పీకరు కుండ మూతికి బిగుతుగా అతుక్కుంటే తప్ప ఆ గుమ్ము రాదట. తీగ లోపలికి వెళ్లాలంటే కుండ పక్కన చిల్లు పెట్టాలి. తమ్ముడు పెరట్లో కూచుని చిల్లు పెట్టేశాడు. ఆ పని ఎలాంటిదో వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అత్తగారు వచ్చి చూసి నెత్తి బాదుకున్నారు.

"కాటికాడ తప్ప కుండకి సిల్లెడతారేట్రా! జబ్బు మనిషి ఇంట్లో ఉన్నాడు, కళ్లు కనపడతన్నాయా నీకు?"

పగలగొట్టబోయి ఆగిపోయారు. పగలగొట్టడమూ కాటి పనే కదా. ఏం చెయ్యాలో తోచక దాన్ని పెంటకుప్పలో బోర్లించి, ఇంటికొచ్చి తలంటు పోసుకున్నారు. ఇంకొక కుండ తెచ్చి, చిల్లు లేకుండా, తీగ మూతి అంచున దోపి, మా ఇంట్లో రేడియోకి తగిలించి చూశాం. సందులోంచి చప్పుడంతా కారిపోయి రేకుడబ్బా మోగినట్టు మోగింది. ఆయన అరచెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపారు. తమ్ముడు మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి నెలల్లో ఆయన చెవులకి ఎడ్లబండి పోయింది. రోకలి పోయింది. ఒకరోజు అత్తగారు వెనకనుంచి పిలిచారు. ఆయన పలకలేదు. ఆవిడ మళ్లీ పిలిచారు, ఇంకా గట్టిగా పిలిచారు. నేను వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఈసారి ఇద్దరం సమానమైపోయాం, ఆ సమానం నాకు వద్దు.

మర్నాడు ఆవిడే తమ్ముడికి కబురు పంపారు. వాడు వచ్చేసరికి, పెళ్లయినప్పటినుంచీ చింతపండు దాచుకునే తన సొంత కుండ కడిగి, పసుపు రాసి ఒళ్లో పెట్టుకుని కూచున్నారు.

"ఇలాగియ్యి అత్తా, నేనెడతాను" అన్నాడు తమ్ముడు.

"నువ్వొద్దు. కుండ నాది, సెయ్యి నాదవ్వాల. ఏటొచ్చినా నాకే వస్తాది."

నీళ్లు చిలకరించుకుంటూ, మేకు మెలితిప్పుతూ, పెదాలు కదుపుతూ చాలాసేపటికి చిల్లు పెట్టారు. 

ఆ ఆదివారం పొద్దున్న రేడియోలో కచేరీ. తమ్ముడు గోధుమపిండి ముద్దతో స్పీకరు చుట్టూ సందు లేకుండా మెత్తి మీట తిప్పాడు. మృదంగం గది నేలంతా పాకి నా అరికాళ్లకి తగిలింది. ఆయన రెండు అరచేతులూ కుండ కడుపుకి ఆనించి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి వేళ్లు కదిలాయి. మొహం విప్పారింది.

"ఇనపడతన్నాది! అమ్మా, ఇనపడతన్నాది!" అని గట్టిగా అరిచారు.

అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లోపలికి పరిగెత్తారు. నేనూ తమ్ముడూ ఒకళ్లనొకళ్లు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఇంతలో కరెంటు పోయింది. రేడియో దీపం ఆరిపోయింది. పాట ఠక్కున ఆగింది.

ఆయన వేళ్లు ఆగలేదు. కళ్లు మూసుకునే, తల ఊపుతూ, అదే నవ్వుతో, తాళం తప్పకుండా వాయిస్తున్నారు. కుండ కింద నేల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఏమీ వినపడకుండానే మా కోసం నవ్వుతున్నారని నాకు అప్పుడు తెలిసింది. 

అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. ఆరిపోయిన రేడియోని చూశారు. కొడుకుని చూశారు. వచ్చి ఆయన పక్కన చతికిలబడి, తన చెయ్యి కూడా కుండ మీద పెట్టారు. ఆయన కళ్లు తెరిచి, "బాగున్నాది కదే అమ్మా?" అన్నారు.

పెదాలు కనపడేలా మొహం ఆయన వైపు తిప్పి, "బాగున్నాదిరా బాబూ" అన్నారావిడ. తర్వాత ఆవిడ కూడా తాళం వెయ్యడం మొదలుపెట్టారు.