చెంపకి ఆనించిన దారం

దారాలమ్మకి ఫోటోల మీద నమ్మకం లేదు. మిషన్ మీద దారంతో మనుషుల ముఖాలు కుట్టే మనిషికి ఫోటోల మీద నమ్మకం లేకపోతే ఎట్లా అని అడక్కండి, అడిగినవాళ్ళందరికీ చీవాట్లే మిగిలాయి. "ఫోటోలో ముక్కు ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. రంగు తెలీదు. మనిషిని తీసుకురండి," అనేది. మనిషి వస్తే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, సొరుగులో ఉన్న గోధుమరంగు రీళ్ళు ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూసేది. నుదుటికి ఒకటి, ముక్కు పక్కన నీడకి ఒకటి, చెవి తమ్మెకి ఇంకొకటి. పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు కూడా క్షవరానికి కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చునేవాళ్ళు. పోయినవాళ్ళ బొమ్మ కుట్టమని ఎవరైనా వస్తే మాత్రం, పాపం ఎంత బతిమాలినా, గుమ్మం దాటనిచ్చేది కాదు. "చెంప లేని మనిషికి రంగు ఎక్కణ్ణుంచి తేను?" అనేది. నోరు కొంచెం దురుసు, ఏం చేస్తాం.

ఏరిన రీళ్ళని పాత బిస్కెట్ల డబ్బాలో వరసగా పెట్టుకునేది. ఎడమ చివర నుదురు, కుడి చివర గడ్డం. పెద్ద ఉండల నుంచి తనే చిన్న రీళ్ళకి చుట్టుకునేది కాబట్టి వాటికి చీటీ లేదు, నెంబరు లేదు. డబ్బాలో ఎక్కడుంటే అదే గుర్తు. పని అయిపోగానే రీళ్ళన్నీ తిరిగి సొరుగులోకి, లేత నుంచి ముదురుకి, వాటి వాటి అరల్లోకి పోవాలి. ఈ ఒక్క నియమం నేర్పడానికి చెల్లెల్ని ఎన్ని మొట్టికాయలు మొట్టిందో దేవుడికే తెలియాలి. చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుంది, మొదట్నుంచీ అక్క దగ్గరే పని చేస్తోంది.

దారాలమ్మ భర్త లారీ డ్రైవరు. బతుకంతా కిటికీ పక్కన గడిపాడేమో, కిటికీ వైపు చెంపది ఒక రంగు, లోపలి చెంపది ఒక రంగు. "నువ్వు ఇద్దరు మొగుళ్ళని కట్టుకున్నావు, పగలు ఒకణ్ణి చూడు, రాత్రి ఒకణ్ణి చూడు," అని ఏడిపించేవాడు. లోకంలో అందరి ముఖాలూ కుట్టింది గానీ ఆయన ముఖం కుట్టడానికి ఆవిడకి తీరిక దొరకలేదు. ఇంట్లోవాడేగా, ఎక్కడికి పోతాడులే అనుకుంది.

ఆయన మంచాన పడ్డాక డాక్టరు ఆవిణ్ణి పక్కకి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. ఇంటికొచ్చి ఏడవలేదు. సొరుగు ఊడలాగి మంచం పక్కన పెట్టుకుంది. ఎండ తగలకపోతే ఆయన ఒంటి రంగు రోజురోజుకీ దిగిపోతుందని ఆవిడకి తెలుసు. ఆ లోపలే పట్టుకోవాలి. చెల్లెలికి కూడా చెప్పలేదు. చెబితే మనిషి దక్కడని తనే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.

"ఏమే, నన్ను దారంతో కట్టేస్తావా ఏంటి?" అన్నాడు ఆయన.

"కదలకండి. చెవి దగ్గర కుదరట్లేదు."

"ఇన్నేళ్ళూ నీ తిట్లు విన్న చెవులు. మాడిపోయి ఉంటాయి, ఇంకొంచెం ముదురు పెట్టు."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముదురు రీలు ఆనించి చూస్తే అదే కుదిరింది. కిటికీ చెంపకి ఒక వరస, లోపలి చెంపకి ఒక వరస, డబ్బా నిండింది. తర్వాత ఆయన పసుపు రంగుకి తిరిగాడు, ఆపైన బూడిద రంగుకి వచ్చాడు. ఆవిడ ఆ రంగుల్ని పట్టించుకోలేదు. అసలు రంగు డబ్బాలో భద్రంగా ఉంది.

ఆయన పోయాక చాలాకాలం మిషన్ మీద కప్పిన గుడ్డ తీయలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. చెల్లెలే రోజూ వచ్చి వండి, ఇల్లు ఊడ్చి, సర్ది, రెండు ముద్దలు బలవంతంగా తినిపించి వెళ్ళేది. అలాంటిది ఒకనాడు దారాలమ్మ పొద్దున్నే లేచి తల దువ్వుకుని, "మీ బావ బొమ్మ కుడతానే," అంది. చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది.

తెల్లటి నూలు గుడ్డని వేణ్ణీళ్ళలో నానబెట్టి ఆరేసింది. గుడ్డ కుంచించుకుపోయేదేదో కుట్టకముందే అయిపోవాలి, తర్వాతైతే బొమ్మ మూతి వంకరపోతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. అడుగున ఇంకో మందపాటి గుడ్డ వేసి, రెండిటినీ కలిపి రింగులో బిగించి, వేలితో కొడితే టంగుమనేదాకా రింగు మర తిప్పింది. ఆయన ఫోటో కింద కార్బన్ కాగితం పెట్టి ముఖం, చొక్కా గీతలు దింపింది. గుడ్డని నొక్కిపట్టే పాదాన్ని మిషన్ నుంచి ఊడదీసింది, గుడ్డని లాక్కుపోయే పళ్ళని కిందికి దించింది. ఇక గుడ్డ మిషన్ మాట వినదు, చేతుల మాటే వింటుంది. కొత్త సూది, బాబిన్‌లో సన్నటి తెల్ల దారం. ఒక పాత ముక్క మీద నాలుగు సుడులు తిప్పి, పైదారం బిగువు సరిచేసుకుంది. చేతులు ఏదీ మర్చిపోలేదు. అక్క మళ్ళీ మనుషుల్లో పడిందని చెల్లెలు వెనకాల నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"ఆ బిస్కెట్ల డబ్బా ఇటివ్వు."

మూత తీస్తే అందులో కత్తెరా, నాలుగు బొత్తాలూ ఉన్నాయి.

"ఇందులో రీళ్ళేవే?"

"సొరుగులో పెట్టేశానక్కా, ఎప్పుడో. ఆఖరి పని తాలూకు రీళ్ళు అట్లాగే ఉండిపోయాయనుకున్నాను. ఒక్కటీ తప్పు పెట్టలేదు, లేత నుంచి ముదురుకి, నువ్వు చెప్పినట్టే..."

దారాలమ్మ తిట్టలేదు. తిడితే చెల్లెలికి ధైర్యంగా ఉండేది. మొట్టి మొట్టి తను నేర్పిన పనే అది, ఎవర్ని తిడుతుంది?

సొరుగంతా కిటికీ దగ్గర కుమ్మరించారు. ఏ రీలు చేతికి తీసుకున్నా ఆయనదే అనిపించింది. పక్కన ఇంకోటి పెడితే రెండూ కాదనిపించింది. ఫోన్లో ఫోటోలు వెతికారు. ఒకదాంట్లో ఎర్రగా ఉన్నాడు, ఒకదాంట్లో మసిగా ఉన్నాడు, ఆసుపత్రిలో తీసినదాంట్లో అసలు ఆయనే కాడు.

"బావది కాస్త ఎరుపు కదక్కా?"

"ఎరుపెక్కడిదే ఆయనకి?"

"మరి చామనఛాయా?"

"ఏమో."

ఎన్ని వందల చెంపలో చూసిన కళ్ళు. దారిన పోయేవాణ్ణి చూసి వాడి నుదుటి రంగు ఏ అరలో ఉందో చెప్పగల మనిషి. కాపురం చేసిన మొగుడి రంగు దగ్గర ఏమో అంటోంది.

"పోనీ దగ్గరగా ఉన్నది ఏదో ఒకటి పెట్టి కుట్టెయ్యక్కా. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు. అదేనే నా ఏడుపు. నాక్కూడా తెలీదు."

దారాలమ్మ లేచి వెళ్ళి బీరువాలోంచి ఆయన చొక్కా తెచ్చింది. గీతలు దింపిన ఫోటోలో వేసుకున్నది అదే. రీళ్ళు ఆనించి చూసుకుంది, గబగబా కుదిరిపోయాయి. మిషన్ నడిపింది. మెడపట్టీ వెలిసిన చోట వెలిసినట్టే వచ్చింది, జేబు దగ్గర ఇంకు మరక కూడా వచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి చొక్కా పూర్తయింది. దాని పైన తెల్లగుడ్డ మీద కార్బన్ గీతలు మిగిలాయి.

రింగు మర వదులు చేస్తుంటే చెల్లెలు భయంభయంగా అడిగింది. "మరి ముఖం అక్కా?"

"చొక్కా ఉంది, కుట్టాను. ఆయన లేడే," అంది దారాలమ్మ.

ఆయన పోయినప్పట్నుంచీ ఆవిడ ఆ మాట నోటితో అనడం అదే మొదలు.