పొట్టి అంచు కాత్యాయని గారు

కాత్యాయని గారు ప్రూఫ్ చూడకుండా ఏ పనీ ఫైనల్ చేయరు. డీటీపీ సెంటర్ నడపడం వల్ల ఆవిడకు ఈ అలవాటు పట్టుకుందని అందరూ అనుకుంటారు. అలవాటు ముందు, సెంటర్ తర్వాత అని ఆవిడ భర్త ఆత్రేయ గారు అంటారు. పెళ్ళిచూపుల్లో ఆవిడ ఆయన్ని ముందు నుంచీ, పక్క నుంచీ చూసి, "ఒకసారి వెనక్కి తిరుగుతారా?" అని అడిగిందట. ఈ కథ ఆయన ఆవిడ ఊళ్ళో లేనప్పుడే చెబుతారు కాబట్టి నిజమే అయి ఉంటుందని నా నమ్మకం.

తార్నాకలో యూనివర్సిటీ గేటుకు పోయే దారిలో కింద కొట్టు, పైన ఇల్లు. ఆత్రేయ గారు బ్యాంకు ఉద్యోగి, ఆవిడ లెక్కల్లో ఎమ్మెస్సీ. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడి చాలా కాలమైంది. క్యాంపస్‌లో సగం థీసిస్‌లు ఆ కొట్టులోనే కాగితం మొహం చూసేవి. మిగతా సగం రాసినవాళ్ళకు ఓపిక తక్కువ.

నేను జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎకనామిక్స్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో, సినాప్సిస్ ప్రింట్ తీసుకుందామని మొదటిసారి ఆ కొట్టులో అడుగుపెట్టాను. బస్సు దొరికేలోపు పని అయిపోతుందనుకున్నాను.

"ప్రింట్ కావాలె ఆంటీ."

"ఏ పక్క కుడతారు?"

"కుట్టుడేంది ఆంటీ? మూడు పేజీలే. పిన్ను కొట్టి ఇస్త."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు. "పిన్ను కొడతావు. నీ గైడు పేజీ తిప్పుతాడు. ప్రతి వాక్యంలో మొదటి మాట పిన్ను కింద దాక్కుంటుంది. ఆయన 'లేదు' అన్న చోట 'ఉంది' అని చదువుకుంటాడు. అప్పుడు నీ పీహెచ్‌డీ ఏం కావాలి? కూర్చో. ఎడం పక్క మార్జిన్ పెంచుదాం. ముందు ఒక ప్రూఫ్ తీద్దాం."

కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానంటే, లేచేసరికి అక్కడ తెలుగు టైపింగ్ ఆపరేటర్‌గా ఉద్యోగం వచ్చింది.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అంచుల గురించి. కాగితానికి రెండు పక్కలా అచ్చు వేసేటప్పుడు, దాన్ని పొడుగు అంచు మీద తిప్పాలా, పొట్టి అంచు మీద తిప్పాలా అన్నది కంప్యూటర్‌కి ముందే చెప్పాలి. పుస్తకం తిప్పినట్టా, గోడ క్యాలెండర్ తిప్పినట్టా అన్నమాట. అది తప్పు చెబితే వెనక పేజీలన్నీ శీర్షాసనం వేస్తాయి. కాగితాన్ని అడ్డంగా పెట్టి మధ్యకు మడిచే చిన్న పుస్తకాలకైతే ఎప్పుడూ పొట్టి అంచే. ఈ సంగతి ఆవిడ నాకు పెసరట్టు మీద చూపించారు. అట్టు గుండ్రంగా ఉంటుంది కదా అని నేను అనుమానం వెలిబుచ్చితే, అంచులు కత్తిరించి మళ్ళీ చూపించారు. ఆ ముక్కలు ఆత్రేయ గారు తిన్నారు.

ఆయన మంచి మనిషి. మంచం మీద దుప్పటి నాలుగు వైపులా సమానంగా వేలాడితే గానీ ఆయనకు పడుకునే అనుమతి ఉండేది కాదు. "పడుకున్నాక కూడా నేను మధ్యకు రావాలట స్నేహలతా," అని ఒకసారి నాతో వాపోయారు. ఆ కొట్టులో పెళ్ళికార్డుకిచ్చినవాళ్ళు ప్రూఫులన్నీ చూసుకుని బయటపడేసరికి, బారసాల కార్డు కూడా అక్కడే ఇచ్చేసి వెళ్ళేవారని పక్క జిరాక్స్ షాపువాళ్ళు చెప్పుకునేవారు. ఇది అబద్ధం. అలా జరిగింది ఒక్క జంటకే.

అంతలో ఉద్యమం వచ్చింది. క్యాంపస్ ఉడికిపోతోంది. ఈ రోజు బంద్, రేపు ర్యాలీ, ఎల్లుండి రాస్తారోకో. తార్నాకలో కోస్తా వాళ్ళ కొట్లన్నిటి మీదా రాత్రికి రాత్రి 'జై తెలంగాణ' అని బోర్డులు వెలిశాయి. కొందరిది అభిమానం, కొందరిది అద్దాల మీద బెంగ. కాత్యాయని గారు కూడా పెట్టారు. కాకపోతే అక్షరానికో కాగితం చొప్పున తీసి, మధ్య ఎడం ఎక్కువైందని రెండుసార్లు మార్చి, చివరికి అంత అందంగా అతికించారంటే, ఉద్యమంలో ఉన్నవాళ్ళు వచ్చి అలాంటిదే తమకూ కావాలన్నారు.

దాంతో కరపత్రాలు మొదలయ్యాయి. ఆత్రేయ గారికి కంటి మీద కునుకు కరువైంది.

"మనవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు కాత్యాయనీ. వాళ్ళ కరపత్రాలు మనం వేయడమేవిటని అడుగుతున్నారు."

"వేయకపోతే ఇంకెవరో వేస్తారు. చుట్టూ మార్జిన్ లేకుండా వేస్తారు. అది చూడమంటారా నన్ను?"

ఆయన చూడమనలేదు.

కరపత్రాలు తెచ్చేది పరుశురాం. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో వాళ్ళ ఇల్లు. తల్లి లచ్చవ్వ హాస్టల్ మెస్సులో వంట చేసేది. అతను ఎమ్మే చదివి, జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి ఎంపికై, ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఒక్క పోలీసు కేసు పడిందంటే ఆ కొలువు గోవిందా. కొలువుల కోసం చేసే పోరాటంలో దిగితే కొలువు పోయేలా ఉందని తెలిసీ, అన్నిటికంటే ముందు వరసలో అతనే ఉండేవాడు.

ఒకరోజు అతను సూటిగా అడిగాడు. "మేడం, మీరు తెలంగాణకు అనుకూలమా, వ్యతిరేకమా?"

కాత్యాయని గారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "నిలువా, అడ్డమా?"

"ఏంది మేడం?"

"కాగితం బాబూ. నిలువుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా? అది చెబితే మిగతావి తర్వాత మాట్లాడుకుందాం."

మిగతావి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆవిడ మనసులో ఏముందో పరుశురాంకు తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆత్రేయ గారిని అడిగితే, "నాకు తెలిస్తే నీకు చెప్పనా?" అన్నారు.

రెండువేల పది ఫిబ్రవరిలో అసెంబ్లీ ముట్టడికి పిలుపు వచ్చింది. ఆ పొద్దున పరుశురాం తన దోస్తులతో కలిసి కొట్టుకు వచ్చాడు. ఉద్యోగాల లెక్కల మీద పదహారు పేజీల చిన్న పుస్తకం సిద్ధమైంది. లెక్కలు నావి, ఆవేశం అతనిది. అచ్చు ప్లేట్లు చేయడానికి కావలసిన ట్రేసింగ్ కాగితాలు తీసుకుని నల్లకుంటలో ప్రెస్సులో ఇచ్చేసి, అటునుంచి అటే ర్యాలీలో కలవాలని వాళ్ళ ప్లాను.

కాత్యాయని గారు ప్రూఫ్ తీసి ఇచ్చారు. పరుశురాం మొదటి కాగితం చూడగానే అదిరిపడ్డాడు.

"మేడం, ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ వచ్చింది! అంతా ఉల్టా అయింది."

"మడవండి."

మడిచాడు. ఒకటి ముందుకు, పదహారు వెనక్కి వెళ్ళాయి. కాగితాలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టేసరికి పుస్తకం వరసగా కుదురుకుంది. "మంచిగుంది మేడం, ఓకే," అని నవ్వాడు. "ట్రేసింగ్ ఇచ్చేయుండ్రి, పోతం."

ఆవిడ లోపలి గదిలో ఉన్న ప్రింటర్ దగ్గరికి వెళ్ళారు. కాసేపటికి తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ రోడ్డుకు ఎదురుగా ఉంటుంది. మేమందరం రోడ్డుకు వీపు పెట్టి ఆవిడ కంప్యూటర్ వైపు తిరిగి ఉన్నాం. ఆవిడ ఒక నిమిషం అద్దం తలుపులోంచి బయటికి చూశారు.

"బాబూ, కుట్టు దగ్గర ఇంకొంచెం జాగా వదలాలి. ఇంకో ప్రూఫ్ చూద్దాం."

"మళ్ళనా?"

రెండో ప్రూఫ్ వచ్చింది. వెనక పేజీలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ కొట్టులో అంచు తప్పడమన్నది నేను ఎన్నడూ చూడలేదు. "ఆంటీ, పొడుగు అంచు పడ్డది," అన్నాను మెల్లగా.

"అవునా? వయసైపోతోంది. ఇంకోటి తీద్దాం."

మూడో ప్రూఫ్‌లో నాలుగో పేజీ తర్వాత తొమ్మిదో పేజీ వచ్చింది. ఆవిడ ప్రశాంతంగా, "మొత్తం చదవండి. ఒక్కొక్కరూ ఒక్కో కాగితం. సున్నాలూ ఒత్తులూ చూడండి," అన్నారు.

పరుశురాం కాగితం బల్ల మీద కొట్టాడు.

"ఇగ చాలు మేడం! పొద్దటి సంది చూస్తున్న. అక్కడ ర్యాలీ షురూ అయితది. మీరు ఆంధ్రోళ్ళు, మాది అచ్చు కావద్దని కావాల్నని ఆలస్యం చేస్తున్నరు!"

మెట్ల మీద ఆత్రేయ గారు సగం దిగి అక్కడే ఆగిపోయారు. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. కాత్యాయని గారి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు.

"కావాలనే అనుకోండి. పన్నెండో పేజీ చూశారా? కూర్చుని చూడండి."

ఏ మూడ్‌లో ఉన్నా ఆవిడ 'కూర్చోండి' అంటే మనుషులు కూర్చుంటారు. పరుశురాం పళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు.

అప్పుడే చౌరస్తా వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకోటి. పరుగులు, అరుపులు, ఈలలు. తలుపు సందులోంచి కళ్ళు మండించే పొగ వాసన వచ్చింది. మేము వెనక్కి తిరిగేసరికి రోడ్డు నిండా పోలీసులు. కనపడిన ప్రతి కుర్రవాణ్ణీ వ్యానులోకి ఎక్కిస్తున్నారు. పరుశురాం లేవబోయాడు. ఆవిడ అతని చేతిలో మరో కాగితం పెట్టారు.

"తల ఎత్తకండి. చదవండి."

తలుపు తోసుకుని ఒక హెడ్ కానిస్టేబుల్ లోపలికి వచ్చాడు. చొక్కా మీద ఇన్నయ్య అని పేరుంది. చెమటలు కక్కుతున్నాడు. ఈ పనిలో అతనికి ఇష్టమున్నట్టు కనపడలేదు గానీ, పని పనే కదా.

"ఏ, ఎవరు వీళ్ళు? స్టూడెంట్లా?"

"ప్రూఫ్ రీడర్లు," అన్నారు కాత్యాయని గారు.

"గింతమందా?"

"తప్పులు అన్ని ఉన్నాయండీ."

ఇన్నయ్య నమ్మలేదు. పరుశురాం చేతిలో కాగితం లాక్కుని చూశాడు. అది తలకిందులుగా ఉంది. తిప్పాడు. రెండో పక్క తలకిందులైంది. మళ్ళీ తిప్పాడు. మెడ వంచి 'మన కొలువులు' అన్నంత వరకు చదివి మా అందరి మొహాలూ చూశాడు. తర్వాత కాగితం వెనక్కిస్తూ గొణిగాడు.

"చుట్టూ గింత ఖాళీ జాగ ఎందుకు ఇడిసిండ్రు? అక్షరాలు పెద్దగ చేస్తే అయిపోయె గదా."

అతను మా మీద దయతో అన్నాడో, ఊరికే అన్నాడో తెలియదు. అంతటితో వెళ్ళిపోయేవాడే. కానీ కాత్యాయని గారు లేచి నిలబడ్డారు. ఇది మాత్రం నాటకం కాదు.

"ఖాళీ జాగానా? అది మార్జిన్ అండీ! పుస్తకం ఎలా పట్టుకుంటారు మీరు? బొటనవేలు ఎక్కడ పెడతారు? అక్షరాల మీదే పెడతారా? రండి, ఇలా కూర్చోండి. ఈ కాగితం మడవండి. అలా కాదు, మీరు పొడుగు అంచు పట్టుకున్నారు..."

"మేడం, డ్యూటీల ఉన్న..."

"రెండు నిమిషాలు. లోపలి మార్జిన్ వేరు, బయటి మార్జిన్ వేరు. కుట్టాక లోపలిది కొంత మింగేస్తుంది. స్నేహా, ఆయనకు ఒక ప్రూఫ్ తీసివ్వు."

ఇన్నయ్య గుమ్మం వరకు వెనక్కి నడిచాడు. బయట ఎవరో, "లోపల ఎవరన్న ఉన్నరా?" అని అరిచారు. "ఎవల్లేరు సార్, ప్రెస్సోళ్ళు!" అని అరిచి, తలుపు బయటి నుంచి లాగేసి పరుగు తీశాడు.

రోడ్డు సద్దుమణిగే వరకు ఎవరమూ కదల్లేదు. వ్యానులు వెళ్ళిపోయాక కాత్యాయని గారు లోపలి గదిలోకి వెళ్ళి ట్రేసింగ్ కాగితాల కట్ట తెచ్చి పరుశురాం ముందు పెట్టారు. ఒక్కొక్కటీ అద్దంలా ఉంది.

"ఇది ఎప్పుడు తీసిండ్రు మేడం?"

"మీరు ఓకే అనగానే."

"మరి గీ ప్రూఫులన్నీ?"

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. అప్పుడు తెలిసింది మాకు. పోలీసు వ్యానులు వచ్చి సందులో ఆగడం ఆవిడ ఎప్పుడో చూశారు. చెప్పి ఉంటే పరుశురాం ఆగేవాడు కాదు, ఎదురు పరిగెత్తేవాడు. అతన్ని ఆపడానికి ఆవిడకు తెలిసిన మార్గం ఒక్కటే. దానికోసం జన్మలో చేయని తప్పులు వరసగా రెండు చేశారు.

పరుశురాం తల దించుకున్నాడు. "మేడం, ఇందాక నేను అన్నది..."

"పన్నెండో పేజీలో నిజంగానే ఒక ఒత్తు పోయింది బాబూ. ప్రెస్సువాళ్ళకి చెప్పి దిద్దించుకోండి. పెద్ద రోడ్డు మీంచి కాకుండా సీతాఫల్‌మండి మీంచి వెళ్ళండి." మమ్మల్నందరినీ ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఇంకో మాట. నేను పొడుగు అంచు పెట్టానని బయట ఎవరికీ చెప్పకండి. తెలిస్తే నా కొట్టుకి ఎవరూ రారు."

మేము ఒట్టు వేశాం. సాయంత్రానికి మాణికేశ్వర్ నగర్ అంతా తెలిసిపోయింది.

కొట్టుకు ఎవరూ రారన్న ఆవిడ అంచనా మాత్రం పూర్తిగా తప్పింది. తర్వాతి బంద్ పిలుపు నాడు నేను వెళ్ళేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు. కుర్చీల్లో, మెట్ల మీద, ప్రింటర్ పక్కన, అంతటా మగపిల్లలే. ఒక్కొక్కడి చేతిలో ఒక్కొక్క బయోడేటా. గుమ్మంలో లచ్చవ్వ నిలబడి, వెనకబడ్డ ఇద్దర్ని రెక్కలు పట్టి లోపలికి తోస్తోంది. తమ వాడకట్టు తల్లులందరూ కలిసి పంపించారని చెప్పింది.

"అమ్మా, వీళ్ళకు కూడ జర ప్రూఫ్ చూడున్రి. పొద్దుగూకే దాక చూసినా మాకేం తొందర లేదు."

"అంతసేపు పట్టదు లచ్చవ్వా, ఒక్కో పేజీయే కదా."

"పట్టాలె అమ్మా," అంది లచ్చవ్వ.

కాత్యాయని గారు ఆమె వైపు చూశారు. పిల్లల వైపు చూశారు. కళ్ళజోడు సవరించుకుని మొదటివాణ్ణి పిలిచారు. "ఇలా రా నాన్నా. ఏ పక్క కుడతావు?"

మెట్ల మీంచి ఆత్రేయ గారు తొంగి చూశారు. ఉద్యమంతో తమకు ఏ సంబంధమూ వద్దని మొదటి నుంచీ మొత్తుకుంటున్న మనిషి ఆయన. ఆ జనాన్ని చూసి నిట్టూర్చి, కండువా నడుముకు బిగించి అడిగారు.

"అందరికీ టీ పెట్టనా?"

"ముందు ఒక్క గ్లాసు పెట్టి తీసుకురండి," అన్నారు కాత్యాయని గారు. "చూసి చెబుతాను."