మా ఆయన, ముసలి లారీ, కార్బురేటర్

మా ఆయనకి వినికిడి తగ్గిందన్న సంగతి షెడ్డుకొచ్చే డ్రైవర్లెవరికీ తెలియదు. తెలియనివ్వడు. ఇంజను మోత విని రోగం చెప్పేస్తాడని పేరు తెచ్చుకున్న మెకానిక్, చెవులు మొరాయిస్తున్నాయని ఏ మొహం పెట్టుకుని ఒప్పుకుంటాడు? ఎవరేమడిగినా తలూపేస్తాడు. విడిభాగాల కౌంటర్లోంచి జవాబు నేను చెప్పాలి.

పోయిన నెల ఓ వ్యాను వస్తే, మోత విన్నట్టే నటించి, ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్ మొత్తం విప్పేశాడు. తీరా చూస్తే దానికేం లేదు. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయింది, అంతే. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "ఇంకొక్కసారి ఇలా తప్పు చేశానంటే షెడ్డు మూసేస్తానే," అన్నాడు. ఊరికే అనే రకం కాదు. షెడ్డు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడు?

ఆ తర్వాత వచ్చింది, ఇంటి సామాన్లు తోలే ముసలి పెట్రోలు లారీ. దాని డ్రైవరుకి మేం పెట్టుకున్న పేరు తొందరాయన. దిగీ దిగకముందే మొదలెట్టాడు.

"బాబాయ్, కార్బురేటర్ పోయింది. విప్పి బాగుచేసెయ్. పెట్రోలు తెగ తాగుతోంది. వేడి మీద ఆపానంటే మళ్ళీ స్టార్టవ్వదు."

అదే మాట పెదాలు బాగా కదిలిస్తూ ఆయనకి అందించాను.

"ముందు మిగతావన్నీ చూడనీ," అన్నాడాయన.

ప్లగ్గు తీస్తే మసిబట్టి నల్లగా ఉంది. "చూశావా!" అన్నాడు తొందరాయన. కార్బురేటర్ పోయిందనడానికి మసి ఒక్కటే చాలదని నాకూ తెలుసు. ఇన్నేళ్ళూ ఈగలు తోలుకుంటూ కూర్చోలేదు నేను. ఆయన ఫిల్టరు తీసి చూశాడు, శుభ్రంగానే ఉంది. గాలిని అదుపుచేసే చోక్ తెరిచి మూశాడు, బాగానే ఆడింది. ఇంజను కాసేపు నడిపించి, ఆపించి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేశాడు. నన్నూ చూడమన్నాడు. ఇంజను ఆగినా లోపల పెట్రోలు చుక్కచుక్కగా కారుతూనే ఉంది, కట్టేసినా ఆగని కుళాయిలా.

"పెట్రోలుని ఆపాల్సిన సూది అరిగిపోయింది," అన్నాడు ధీమాగా. "ఇప్పుడు విప్పాలి."

విప్పాడు. సూది మొన చుట్టూ గాడి పడి ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. సూదీ వాషర్లూ మార్చి, కన్నాలన్నీ కడిగి, గాలి కొట్టి బిగించేసరికి సాయంత్రమైంది.

ఇక మిగిలింది, ఇంజను నడుస్తుండగా కార్బురేటర్ స్క్రూ తిప్పుతూ మోత సరిచేయడం. అది అచ్చంగా చెవి పని. టార్చి సాయం రాదు. డ్రైవరు తాళం తిప్పాడు. మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎప్పటిలా నటిస్తాడు, అంతా పాడవుతుంది అనుకున్నాను.

"ఏమేవ్, ఇలా రా," అని కేకేశాడు, డ్రైవరు వింటుండగానే. "నాకు వినపడి చావట్లేదు. నువ్వు విని చెప్పు."

తొందరాయన కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. నేను వెళ్ళి బండి పక్కన నిలబడ్డాను. ఆయన స్క్రూ కాస్త తిప్పి నా మొహంలోకి చూశాడు. కాదన్నట్టు తలూపాను. మరికాస్త తిప్పాడు. మోతలో తడబాటు ఇంకా ఉంది. కొంచెం వెనక్కి తిప్పాడు. మోత ఒకే తీరున, సాఫీగా అందుకుంది. చెయ్యెత్తాను.

"రేపట్నించి నువ్వూ బండి దగ్గరే ఉండు," అన్నాడు.

ఆయనకి కనపడేలా, గట్టిగా తలూపాను.